థార్‌కి సస్పెన్షన్ లిఫ్ట్: తిరుపతిలో ఒక చిన్న షెడ్డు చేసిన పని మీద నా రివ్యూ

షెడ్డు పేరు రాయడం లేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. షెడ్డు నడిపే ఆయనే వద్దన్నాడు. కారణం కూడా న్యాయమైనదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలు మనిష్టానికి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అందుకే బండి కింద స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ మార్చి ఎత్తు లేపే ఈ పని చేసేవాళ్ళెవరూ బోర్డు మీద రాసుకోరు. రేపు ఇన్సూరెన్స్ వాడు కొర్రీ పెట్టినా, కంపెనీ సర్వీస్ సెంటర్ వాడు వారంటీలో ఫలానా పార్టు ఇవ్వనన్నా అది మన నెత్తి మీదే పడుతుంది. ఇది తెలిసి చేయించుకునేవాళ్ళ కోసమే రాస్తున్నా. షెడ్డు కరకంబాడి రోడ్డు వైపు ఉంది. రేకుల కప్పు, రెండు బళ్ళు పట్టే జాగా, ముందర వేపచెట్టు. బండిని పైకెత్తే మెషిన్ లేదు, జాకీలు స్టాండ్లే. నడిపేది ఒక భాయ్, ఆయనకి ఇద్దరు కుర్రాళ్ళు. ఊళ్ళో జీపులున్నవాళ్ళలో ఎవరిని అడిగినా దారి చెబుతారు.

నా బండి 2021 మహీంద్రా థార్, డీజిల్, మాన్యువల్ గేర్లు, హార్డ్‌టాప్, 18 అంగుళాల చక్రాలు. కంపెనీ లెక్కలో గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి కింది భాగానికీ మధ్య జాగా, 226 మిల్లీమీటర్లు. ముందర గట్టు ఎక్కే కోణం 41.8 డిగ్రీలు, వెనక దిగే కోణం 36.8, పొట్ట తగలకుండా దాటే కోణం మాత్రం 27. మొదటి రెండూ బ్రహ్మాండం, నాకు వాటితో ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బందంతా ఆ మూడోదానితోనే.

మా మామిడి తోట దామలచెరువు దగ్గర. తోటలోకి పోవాలంటే ఒక వంక, అంటే చిన్న వాగు, దాటాలి, వంకకి రెండు వైపులా గట్టు నిట్టనిలువుగా ఉంటుంది. ముందు చక్రాలు గట్టెక్కి అటువైపు దిగుతాయి, వెనక చక్రాలు ఇంకా ఇటువైపే ఉంటాయి, మధ్యలో పొట్ట గట్టు మీద కూర్చుంటుంది. గర్రుమని సౌండు. వానలు పడి గట్టు కోసుకుపోయిన ఏడాది మరీ ఘోరం. తోతాపురి కోతల సమయంలో రోజూ పోవాల్సిన దారి అది. అంటే నాది స్టైలు కోసం ఎత్తించుకున్న వ్యవహారం కాదు. స్టైలు కోసం చేయించుకునేవాళ్ళ మీద కోపమేం లేదు, ఎవరి డబ్బు వాళ్ళిష్టం, కానీ వాళ్ళకి కావలసిన పనీ నాకు కావలసిన పనీ ఒకటి కాదు.

ఈ షెడ్డుకి రాకముందు ఒకరిద్దరిని అడిగాను. ఒక పెద్ద యాక్సెసరీస్ షాపులో బండి వైపు చూడనుకూడా చూడకుండా "మూడించులు లేపేద్దాం సార్, సాయంత్రానికి తీసుకుపోండి" అన్నాడు. ఎలా లేపుతావయ్యా అంటే స్పేసర్లు అన్నాడు. స్పేసర్ అంటే స్ప్రింగు మీదో, షాక్ పైభాగానో పెట్టే గట్టి దిమ్మ. అల్యూమినియందో పాలీయురేథేన్‌దో. చవక, పది పదిహేను వేలల్లో అయిపోతుంది, బండి ఎత్తుగా కనబడుతుంది కూడా.

మా బావమరిది అదే వేయించుకున్నాడు, వేరే ఊళ్ళో. ఆ బండి నేను నడిపి చూశాను కాబట్టి స్పేసర్ల గురించి కాస్త వివరంగానే చెప్పాలి. థార్ ముందు భాగం పాత జీపుల్లా ఒకే ఇరుసు కాదు, రెండు చక్రాలూ వేటికవే ఊగే డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్నీ పైనొకటి కిందొకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. స్ప్రింగూ షాకూ కలిసి కింది ఆర్మ్ మీద చక్రానికి కొంచెం లోపలగా కూర్చుంటాయి. అందువల్ల పైన ఒక అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర అంగుళం కంటే చాలానే ఎక్కువ లేస్తుంది. చాలామందికి ఈ లెక్క తెలియదు. రెండంగుళాల లిఫ్ట్ కావాలని రెండంగుళాల స్పేసర్ కొనేవాళ్ళున్నారు! అప్పుడు చక్రం గాల్లో వేలాడినప్పుడు చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ కీలు కంపెనీ అనుకున్న కోణం కంటే ఎక్కువ వంగుతుంది, పై ఆర్మ్‌ని చక్రానికి కలిపే బాల్ జాయింట్ చివరిదాకా పోయి ఆనుకుంటుంది. మా వాడి బండికి సరిగ్గా అదే అయింది. ఎడమ పక్క షాఫ్ట్ రబ్బరు బూటు చీలి గ్రీజంతా చక్రం లోపలి వైపు చిమ్మేసింది. ఇసుక చేరకముందే చూసుకున్నాడు కాబట్టి బతికిపోయాడు, లేకుంటే షాఫ్టే మార్చాల్సొచ్చేది. దీనికి తోడు ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడూ ముందు నుంచి టక్కుమని సౌండు. వేసినవాణ్ణి అడిగితే "అలవాటైపోతుంది సార్" అన్నాడంట.

ఇక మన భాయ్ దగ్గరికొద్దాం. పోగానే రేటు చెప్పలేదు, ప్రశ్నలేశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వంకలోంచి తోట దాకా తానే నడుపుతున్నట్టు అన్నీ అడిగాడు. గట్టు ఎంతెత్తు, నీళ్ళెంత ఉంటాయి, బండిలో ఎంత బరువు వేస్తారు, ముందర ఇనుప బంపర్ గానీ, ఇరుక్కున్న బండిని లాగే వించ్ గానీ పెడతారా, పెట్టే ఆలోచన ఉందా, ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కుతారా. చివరికి ఒక మాటన్నాడు.

"సామీ, మీకు బండి లేవాలా, ఇరుసు లేవాలా? బండి లేపాలంటే స్ప్రింగు. ఇరుసు లేవాలంటే టైరే. స్ప్రింగు ఎంత పెద్దది వేసినా వెనక గుండు నేల మీద ఉన్నెత్తులోనే ఉంటాది."

ఆ ఒక్క మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. గుండు అంటే వెనక డిఫరెన్షియల్, రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల డబ్బా. థార్ వెనక భాగం గట్టి ఇరుసు, దాని మధ్యలో ఆ గుండు వేలాడుతుంది. ఇరుసు చక్రాలకే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి స్ప్రింగు పొడవు పెంచితే ఇరుసు పైనున్న ఛాసీ, బాడీ మాత్రమే లేస్తాయి. ముందు డిఫరెన్షియల్ ఛాసీకే బిగించి ఉంటుంది కాబట్టి అది లేస్తుంది. వెనకది మాత్రం ఎక్కడుందో అక్కడే. "లిఫ్ట్ వేయించాను, ఇప్పుడు క్లియరెన్స్ 276" అని లెక్క చెప్పేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. వెనక గుండు కింద టేపు పెట్టి కొలవమంటే మాట మారుస్తారు.

నా వంక గట్టు సమస్యకి కావలసింది పొట్ట లేవడం. థార్ రెండు ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు, దాంట్లో పొట్ట ఒక 40 మిల్లీమీటర్లు లేస్తే ఆ 27 డిగ్రీలు కాస్తా ముప్ఫై దాటుతాయి. ఇది నా కాగితం లెక్కే గానీ, గట్టు మీద తేడా మాత్రం నిజంగా కనబడింది, ఆ సంగతి తర్వాత చెబుతా. భాయ్ కూడా 40కి మించి వద్దన్నాడు. మించితే పై ఆర్మ్‌లు మార్చాలి, వెనక అడ్డ రాడ్డు మార్చాలి, ఖర్చు ఇంకోలా పోతుంది అన్నాడు. ఎక్కువ లేపితే ఆయనకే ఎక్కువ డబ్బులు కదా, అయినా తక్కువే చాలన్నాడు. నాకు నచ్చిన మొదటి విషయం ఇదే.

కిట్టు ఆయన అమ్మడు, మనమే తెప్పించుకోవాలి. నేను తెప్పించింది పొడవైన స్ప్రింగులు, వాటికి తగ్గ పొడవైన గ్యాస్ షాక్‌లు ఉన్న పూర్తి సెట్టు. ఇక్కడ చాలామంది చేజేతులా డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. ఒకే కిట్టులో ముందు స్ప్రింగులు వేర్వేరు బరువులకి వేర్వేరుగా దొరుకుతాయి. ఖాళీ ముందు భాగానికి ఒకటి, ఇనుప బంపర్ వించ్ ఉన్నదానికి ఇంకొకటి. రేపెప్పుడో వించ్ పెడదామని గట్టి స్ప్రింగు ఇప్పుడే వేసుకుంటే, ఆ బరువు లేని బండి ముందు భాగం అనుకున్నదానికంటే ఎత్తుగా నిలబడుతుంది, చిన్న గుంతకే ఒళ్ళు హూనం చేస్తుంది. భాయ్ బంపర్ గురించి అన్నిసార్లు అడిగింది ఇందుకే. నేను ముందర ఏమీ పెట్టను కాబట్టి మామూలు స్ప్రింగు, వెనక మామిడి క్రేట్లు వేస్తా కాబట్టి అక్కడ మాత్రం కొంచెం గట్టిది.

పని మొదలుపెట్టిన రోజు నేను అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నా. ఉండనిచ్చాడు, అది కూడా చెప్పుకోవాలి. కొన్ని చోట్ల "కస్టమర్లు లోపలికి రాకూడదు" అని బోర్డుంటుంది.

మొట్టమొదట సుద్దముక్కతో నాలుగు చక్రాల పైన గుర్తులు పెట్టి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి గోడ మీద రాసుకున్నాడు. నాలుగు నంబర్లూ ఒకలా లేవు, కొత్తగా కొన్న బళ్ళకే కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటాదన్నాడు. పాత బోల్టులకి ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టించి ఉంచాడు. ముందు షాక్ అసెంబ్లీ బయటికి తీశాక దాన్నుంచి స్ప్రింగుని వేరు చేయడం అసలు ప్రమాదకరమైన పని. నొక్కి పెట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది. తాళ్ళతో గొలుసులతో కట్టి ఈ పని చేసేవాళ్ళని చూశాను. ఈయన దగ్గర గోడకి బిగించిన స్ప్రింగు కంప్రెసర్ ఉంది, ఆ పని చేసేటప్పుడు కుర్రాళ్ళిద్దరినీ పక్కకి పొమ్మని తానే చేశాడు. చిన్న కుర్రాడు కుతూహలంగా ముందుకొస్తే ఉర్దూలో ఒక్క తిట్టు, అంతే, వాడు వేపచెట్టు కిందికి పోయాడు.

వెనక భాగం త్వరగానే అయింది. షాక్‌లు విప్పి, ఇరుసుని జాకీ మీద నెమ్మదిగా దించి, స్ప్రింగులు చేత్తోనే లాగేశారు. అక్కడ ఆయన చూసిందల్లా బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు. ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు అవి బిగుసుకుపోతున్నాయా అని వేలితో నొక్కి చూశాడు. వైరు క్లిప్పు ఒకటి విప్పి కాస్త వదులిచ్చాడు. చిన్న పనే, కానీ మరిచిపోతే బ్రేకు గొట్టమే తెగుతుంది.

అసలు గొప్ప పని ఆ తర్వాత చూశాను. అన్నీ పెట్టేశాక ఆర్మ్‌ల బోల్టులు, లింకు రాడ్ల బోల్టులు బిగించకుండా ఊరికే చేత్తో తిప్పి వదిలేశాడు. చక్రాలు వేసి, బండిని నేల మీదకి దించి, ముందుకీ వెనక్కీ తోయించి, నలుగురం బానెట్ మీదా వెనక మెట్టు మీదా నొక్కి ఊపాక, అప్పుడు కింద గుడ్డ పరుచుకుని దూరి, బండి తన బరువు మీద నిలబడి ఉండగా ఒక్కో బోల్టూ టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానాతో, బిగించాడు. ఎందుకంటే ఆ కీళ్ళలో బోల్టు చుట్టూ ఉండేవి రబ్బరు బుష్‌లు. అవి తిరగవు, మెలిపడతాయి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ స్థానంలోనే పట్టేసుకుంటుంది, బండి దించగానే ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. అలా మెలిపడిన బుష్ కొన్నాళ్ళకే కీచుమంటుంది, ఆపైన చీలిపోతుంది. ఈ పని సరిగ్గా చేయాలంటే లిఫ్ట్ మెషిన్ లేని షెడ్డులో పడుకుని, మోచేతులు నేలకి రాసుకుంటూ చేయాలి. తొందరున్నవాడు గాల్లోనే ఇంపాక్ట్ గన్‌తో టర్‌ర్‌మని బిగించేసి "అయిపోయింది సార్" అంటాడు. కస్టమర్‌కి ఆ రోజు తేడా తెలియదు. కిట్టు కంపెనీ ఏదన్నది కాదు నన్నడిగితే, ఇదొక్కటి ఎలా చేస్తారో అడగండి, షెడ్డు ఎలాంటిదో తెలిసిపోతుంది.

వెనక ఇరుసుని అడ్డంగా పట్టుకునే రాడ్డు ఒకటుంటుంది, పాన్‌హార్డ్ రాడ్ అంటారు. బండి లేస్తే ఆ రాడ్డు వంపు మారి ఇరుసు మొత్తం ఒక పక్కకి కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది. 40 మిల్లీమీటర్ల లిఫ్ట్‌లో కంటికి ఆనదు. వెనక నుంచి గీత పెట్టి చూస్తే మాత్రం ఒక పక్క టైరు కొద్దిగా బయటికున్నట్టు నాకు కనబడింది. పొడవు సరిచేసుకునే రాడ్డు దొరుకుతుంది, ఇప్పటికి అవసరం లేదన్నాడు, నేనూ వదిలేశా.

చివర్లో మళ్ళీ సుద్ద గుర్తుల దగ్గర కొలిచాడు. ముందర అనుకున్నదానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువే వచ్చింది, స్ప్రింగులు కొంచెం కూర్చున్నాక సరిపోతాదన్నాడు. అలాగే సరిపోయింది. హెడ్‌లైట్లు కూడా అక్కడే గోడ మీద వెలుగు పడేలా పెట్టి దించాడు. దీన్ని ఎవరూ పట్టించుకోరు. చిత్తూరు హైవేలో రాత్రిపూట ఎదురొచ్చే ఎత్తైన బండి లైట్లు సూటిగా కళ్ళలో కొడితే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు, మనం మళ్ళీ అదే చేయకూడదు కదా.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, వేరే చోట చేయించాలి, ఈయన దగ్గర మెషిన్ లేదు. రేణిగుంట రోడ్డులో ఒకచోట చేయించాను. స్క్రీన్ మీద ముందు చక్రాల నంబర్లన్నీ ఎర్రగా వచ్చాయి, సహజం, ఆర్మ్‌ల కోణం మారింది కాబట్టి టో (చక్రాలు ముందుకి చూసే దిశ), కాంబర్ (చక్రం నిలబడే వాలు) రెండూ కదులుతాయి. స్టీరింగ్ చక్రం నిటారుగా ఉండగానే సరిచేయమని పట్టుబట్టండి. వంకరగా ఉన్నా నేరుగానే పోతుందిలే అని వదిలేస్తే ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న బండికి స్టీరింగ్ ఎటు తిరిగిందో తప్పుగా అర్థమవుతుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆ మెషిన్ దగ్గరున్న అబ్బాయి మొదట "లిఫ్ట్ వేసిన బండికి గ్యారంటీ లేదు" అని మొహం ముడిచాడు, తర్వాత ఓపిగ్గానే చేశాడు.

ఇప్పుడు నడకెలా ఉందో చెప్తా. ఊళ్ళో మునుపటికంటే హాయిగా ఉంది, ఇది నేను ఊహించలేదు. థార్ కంపెనీ సస్పెన్షన్ వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని ఎలా ఎగరేస్తుందో తెలిసిందే. కొత్త షాక్‌లు గుంతని ఒక్కసారి మింగి ఊరుకుంటున్నాయి, మూడుసార్లు ఊగడం లేదు. దీంట్లో గొప్పతనం ఎత్తుది కాదు, షాక్‌లది. అంటే ఎత్తు అక్కర్లేనివాళ్ళు కూడా షాక్‌లొక్కటే మార్చుకుంటే ఈ సుఖం దొరుకుతుంది, దానికి సగం డబ్బులు చాలు. హైవేలో తొంభై దాకా ఏ తేడా లేదు. వంద దగ్గర పక్కగాలి కొడితే కాస్త ఊగుతుంది, బస్సుని దాటేటప్పుడు తెలుస్తుంది.

తిరుమల ఘాట్‌లో మాత్రం మనం మారాలి, బండి మారదు. దిగే దారి 1944 నాటి పాత ఘాట్, మలుపులు బాగా ముడుచుకుని ఉంటాయి. బరువు పైకి జరిగిన బండి మలుపులో ముందుకంటే ఎక్కువ ఒరుగుతుంది. భయపడేంత కాదు, పక్క సీట్లో ఉన్నవాళ్ళు పైనున్న పిడి పట్టుకునేంత. నలభై నిమిషాల లోపు కిందికి రాకూడదన్న రూలు ఎలాగూ ఉంది, ఆ లెక్కన పోతే ఏ టెన్షనూ లేదు. కొందరు గుట్టల్లో చక్రాలు ఎక్కువ వేలాడాలని మలుపుల్లో బండి ఎక్కువ ఒరగకుండా పట్టే ముందు స్టెబిలైజర్ బార్ లింకులు పీకేసి, మళ్ళీ బిగించకుండా రోడ్డు మీదే తిరుగుతుంటారు. లిఫ్ట్ వేసిన బండికి ఆ పని చేసి ఘాట్ ఎక్కడం అంటే, దేవుడి దగ్గరికి వేరే దారి వెతుక్కున్నట్టే.

తోట దారి. వంక గట్టు మీద మునుపు గర్రుమనే చోట ఇప్పుడు నిశ్శబ్దంగా దాటేస్తోంది. ఒక్క గట్టు మరీ కోసుకుపోయిన మూల తప్ప, అక్కడ ఏ బండైనా తగులుతుంది, పార తీసుకుని సరిచేయాల్సిందే. ఇసుకలో గానీ బురదలో గానీ లిఫ్ట్ వల్ల ఒరిగిందేమీ లేదు, అక్కడ పనిచేసేది టైరూ, టైర్లో గాలీ, మన చెయ్యీ. వంక దాటాక తోటలో ట్రాక్టరు తిరిగి తిరిగి పడిన గాడులుంటాయి, మధ్యలో మట్టి దిబ్బలా లేచి ఉంటుంది. అక్కడ మాత్రం భాయ్ చెప్పిందే జరిగింది. వెనక గుండు ఆ దిబ్బని ముందు ఎలా గీరేదో ఇప్పుడూ అలాగే గీరుతోంది. ఒక చక్రం గాడిలో, ఒకటి దిబ్బ మీద పెట్టి పోవడమే మార్గం.

దాన్ని లేపాలంటే టైరు మార్చాలి. ఇప్పుడున్నది 255/65 ఆర్18, దాదాపు 789 మిల్లీమీటర్ల ఎత్తు. ఒక సైజు పైన 255/70 వేస్తే 814 అవుతుంది. పాతిక మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు లేచేది దాంట్లో సగమే, అంటే పన్నెండు పదమూడు. వినడానికి చిన్నదే, కానీ గుండు కింద నిజంగా దొరికే ఎత్తు అదొక్కటే. స్పీడోమీటర్ మూడు శాతం తక్కువ చూపిస్తుంది, వంద చూపిస్తే నూటమూడు మీద పోతున్నట్టు. ఉన్న టైర్లు అరిగాక వేస్తా, అరగని టైర్లు పక్కన పడేసే స్తోమత నాకు లేదు.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. టైము. "పొద్దున పెట్టండి, సాయంత్రం తీసుకుపోండి" అన్న బండి మర్నాడు చీకటి పడ్డాక చేతికొచ్చింది. మధ్యలో ఎవరిదో మినీ లారీ బ్రేకు పట్టేసిందని వస్తే నా బండి స్టాండ్ల మీద వదిలేసి దాని మీద పడ్డారు. ఫోన్ చేస్తే ఎత్తడు, చేతులకి గ్రీజు అంటాడు. బిల్లు అంటే నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం, దాని మీద "లిఫ్ట్ పని" అని ఒక ముక్క, ఒక అంకె. లోపల సీటు కవర్ మీద నల్లటి చెయ్యి గుర్తు ఇంకా పోలేదు. కిట్టు విషయంలో ఏదైనా తేడా వస్తే కిట్టు అమ్మినవాడూ ఈయనా ఒకరి మీద ఒకరు చెప్పుకునే అవకాశం ఉంది, నాకు రాలేదు గానీ ఆ రిస్కు ఉందని గుర్తుంచుకోండి. పాత స్ప్రింగులు, షాక్‌లు మాత్రం అడక్కుండానే గోనెసంచిలో కట్టి ఇచ్చాడు. అమ్మేసేటప్పుడో ఫిట్‌నెస్‌కి పోయేటప్పుడో పనికొస్తాయి, పారేయొద్దన్నాడు.

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రమ్మన్నాడు, బోల్టులన్నీ మళ్ళీ చూస్తానని. పోయాను. రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి. దానికి డబ్బులు తీసుకోలేదు, టీ కూడా ఆయనే తెప్పించాడు.

ఖర్చు: కిట్టుకి లక్ష పైన, రవాణాతో కలిపి 1,12,000 దాకా అయింది. షెడ్డు కూలి 9,000. అలైన్‌మెంట్, టీలు టిఫిన్లు వేరే. పెద్ద ఊళ్ళలో కూలే ఇరవై వేలు అడిగారు, బండి అక్కడిదాకా తోలుకుపోయే ఖర్చు దాని మీద.

ఎవరికి అక్కర్లేదో కూడా చెప్తా. ఇంటి నుంచి ఆఫీసు, వారాంతంలో హార్స్‌లీ హిల్స్, ఏడాదికోసారి తలకోన, ఇంతే మీ తిరుగుడు అయితే కంపెనీ ఇచ్చిన ఎత్తు ఎక్కువే. తలకోన చుట్టుపక్కలంతా శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు, అడవిలోకి బండి దించడమే నేరం, అక్కడ లిఫ్ట్‌తో చేసేదేం లేదు. పైగా మన శేషాచలం అంచుల్లో ఎర్రచందనం గొడవ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఎత్తైన బండి, లావు టైర్లు, చీకటి పడ్డ వేళ భాకరాపేట ఘాట్ వైపు కనబడితే చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించకుండా వదలరు. నన్ను ఆపిన ఆయన వెనక తలుపు తీసి మామిడి క్రేట్లు చూసి, "దీనికింత బండెందుకు సామీ" అన్నాడు. రెండు కాయలిచ్చి వచ్చా.

ఇంకొకటి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళని ఒకసారి అడిగి వేయించండి. థార్ ఎక్కడమే మా అమ్మకి యజ్ఞం, ఇప్పుడు ఇంకో ఒకటిన్నర అంగుళం ఎత్తు. "ఒరే, నిచ్చెన కూడా కొనుక్కోరాకపోయావా" అంది. పక్కన మెట్టు బిగించాను, చీర కుచ్చెళ్ళు దానికి తట్టుకోకుండా ఉండేలా వెడల్పుది. ఆ మెట్టు మళ్ళీ గట్టుకి తగులుతుందేమో అనుకున్నా గానీ, లోపలికి ముడుచుకుని ఉండేది దొరికింది, ఇంతవరకూ తగల్లేదు.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒకటి తీసేసింది టైముకీ ఆ చెయ్యి గుర్తుకీ. పోవాలనుకునేవాళ్ళు కిట్టు చేతికొచ్చాకే పోండి, ముందే బండి పెట్టి పార్టుల కోసం చూస్తూ ఉంటే ఆ జాగా వేరేవాళ్ళకి పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి మూసేస్తాడు, తిరిగి తెరిచేసరికి నాలుగవుతుంది, ఆ టైములో పోకండి.